పాచికా, రాక్షసుడూ, ఓ అనుబంధం

రాక్షసుణ్ణి చంపాలంటే ఏం కావాలి? మన పురాణాలనడిగితే వరంలో ఓ లొసుగు కావాలంటాయి. పగలూ రాత్రీ కాని వేళ, ఇంటా బయటా కాని చోట హిరణ్యకశిపుడి లెక్క తేలిన సంగతి మనకి తెలియంది కాదు. అదే ప్రశ్న అమెరికాలోనో ఇంగ్లండులోనో ఈ ఆటలు అలవాటున్న పదేళ్ళ పిల్లాణ్ణి అడిగి చూడండి. "రెండు పాచికలు వేస్తే పదో, పదకొండో, పన్నెండో పడాలి" అంటాడు తడుముకోకుండా!

నవ్వకండి. ఆ జవాబు వెనక యాభయ్యేళ్ళ చరిత్ర ఉంది.

పాచికలు వేసి రాక్షసులతో పోరాడే ఆటలది పడమటి దేశాల్లో ఓ పెద్ద సంసారం. ఓ అట్టపెట్టె, అందులో గళ్ళ పటం, వీరుల బొమ్మలు, రాక్షసుల బొమ్మలో చీట్లో, గుప్పెడు పాచికలు. ఇంతే సరంజామా. ఆట బాగా అమ్ముడుపోయిందా, కొన్నాళ్ళకి ఇంకో చిన్న పెట్టె వస్తుంది. అందులో కొత్త రాక్షసులు, కొత్త గదులు, కొత్త చీట్లు. దాన్ని వాళ్ళు ఎక్స్‌పాన్షన్ అంటారు. నేను మటుకు "అనుబంధం" అంటాను. వారపత్రికకి ఈ పేజీలు ఎలాగో, ఆ ఆటకి ఆ చిన్న పెట్టె అలాగ. అసలుది లేకుండా ఇది నిలవదు. ఇది అలవాటయ్యాక అసలుదొక్కటీ చాలదు.

పాచిక మనకేం కొత్త కాదు. ధర్మరాజుని అడవికి పంపింది అదే. వైకుంఠపాళీలో గవ్వలో పాచికో వేసి, పైదాకా ఎక్కినట్టే ఎక్కి పెద్దపాము నోట్లో పడని వాళ్ళెవరు మనలో? కొన్ని పటాల్లో ఆ పాముల పక్కన రాక్షసుల పేర్లు కూడా అచ్చేసి ఉంటాయి. కానీ ఒక్క సంగతి గమనించండి. వైకుంఠపాళీలో పందెం పడ్డాక మనని ఎవరూ ఏమీ అడగరు. పడింది పడినట్టు కాయ జరపటమే. పాముతో తలపడతానంటే కుదరదు, పక్క దారిన పోతానంటే వీల్లేదు. ఏడ్చి మళ్ళీ మొదటి గడి నుంచి రావాల్సిందే.

ఈ రాక్షసుల ఆటల చరిత్ర చదువుతుంటే నాకు తోచిందేమిటంటే, పాచికకి ముఖాలు పెరిగాయి, రంగులు మారాయి గానీ, అది మన మాట వినకపోవటం మాత్రం మారలేదు. మారిందల్లా, అది పడ్డాక మనిషిని అడిగే ప్రశ్న.

* * *

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అని సరస్సు పక్కన ఓ చిన్న ఊరు. అక్కడ గ్యారీ గైగాక్స్ అనే ఆయన ఉండేవాడు. బీమా కంపెనీలో ఉద్యోగం, ఇంట్లో పెళ్ళాం పిల్లలు, సైనికుల బొమ్మలతో యుద్ధాలాడే పిచ్చి. 1970లో ఆ ఉద్యోగం కాస్తా పోయింది. ఇంటి నేలమాళిగలో కూర్చుని బూట్లు బాగుచేస్తూ సంసారం ఈదాడు. ఈ ఆటల్లో భూతాలుండే చోటుని "డంజన్" అంటారు. దానికి మన తెలుగు మాట కూడా నేలమాళిగే! బతుకు నేలమాళిగలో బూట్లు కుట్టిన మనిషే, ఊహ నేలమాళిగలో భూతాల్ని నిలబెట్టాడన్నమాట.

పక్క రాష్ట్రం మిన్నెసోటాలో డేవ్ ఆర్న్‌సన్ అనే యువకుడు 1971 నుంచే తన స్నేహితుల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని బ్లాక్‌మూర్ అనే ఊహాలోకంలో తిప్పుతుండేవాడు. కోట కింద సొరంగాలు, సొరంగాల్లో భూతాలు. "తలుపు తీశారు, ఎదురుగా ఫలానాది నిలబడింది, ఏం చేస్తారు?" అని ఆయన అడగటం, వాళ్ళు చెప్పటం, పాచికలు తీర్పివ్వటం. ఆడేవాళ్ళలో డేవిడ్ మెగారీ అని ఒకాయన ఆ సొరంగాల్ని ఓ పటం మీదకి దింపాడు. కథ చెప్పే పెద్దమనిషి అక్కర్లేదు, పటమూ చీట్లూ పాచికలే అన్నీ చూసుకుంటాయి. 1972 చివర్లో వీళ్ళిద్దరూ లేక్ జెనీవా వచ్చి, బ్లాక్‌మూర్‌నీ ఈ పటాన్నీ గైగాక్స్‌కి చూపించారు. ఆయనకి నిద్ర పట్టుంటుందనుకోను.

తరవాత ఆయన తన సొంత కోటని గీసుకుని, దాని కింది సొరంగంలోకి మొట్టమొదట ఎవర్ని పంపాడనుకున్నారు? తన కొడుకునీ కూతుర్నీ! పిల్లలిద్దరూ మొదటి అంతస్తులో చిన్నా చితకా భూతాలతో పోరాడి చివరికో పెట్టె సంపాదించారట. మూత తీస్తే 3000 రాగినాణేలు. ఎత్తబోతే కదల్లేదు! పాపం, గెలిచి కూడా పట్టుకెళ్ళలేకపోయారు. వాళ్ళు పడుకున్నాక తండ్రి కూర్చుని రెండో అంతస్తు గీయటం మొదలెట్టాడట. చూశారా, ఆటింకా అచ్చుకే వెళ్ళలేదు, అనుబంధం అప్పుడే తయారవుతోంది. "తరవాతేమైంది?" అని పిల్లలడిగే ప్రతి ఇంట్లోనూ ఇలాంటి రెండో అంతస్తు ఒకటి లేస్తూనే ఉంటుంది. ఆ సంగతి తల్లులకి నేను చెప్పాలా?

అచ్చువేయటానికి డబ్బు లేదు. డాన్ కే అనే చిన్ననాటి స్నేహితుడు తన జీవితబీమా మీద 1000 డాలర్లు అప్పు తెచ్చాడు. 1973లో టీఎస్ఆర్ అనే చిన్న కంపెనీ పెట్టారు. ఇంకో స్నేహితుడు ఇంకొంత డబ్బు తెచ్చి కలిశాడు. 1974 జనవరిలో "డంజన్స్ అండ్ డ్రాగన్స్" ఆట 1000 పెట్టెలు వచ్చాయి. ఒక్కో పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు, ఖరీదు 10 డాలర్లు. అప్పడాల్లాగా ఇంట్లోనే చేతులతో సర్ది కట్టారు. ఏడాది తిరక్కుండా అన్నీ అయిపోయాయి.

ఆ సంతోషం చూడటానికి డాన్ కే ఎక్కువ కాలం లేడు. 1975 జనవరిలో గుండెపోటుతో పోయాడు. నలభయ్యేళ్ళు నిండని మనిషి. కొన్ని నెలలపాటు కంపెనీ లెక్కలూ పార్సిళ్ళూ ఆయన భార్య చూసుకుంది. ఆటల చరిత్రలో ఆవిడకి దక్కేది ఒకటి రెండు వాక్యాలు. నాకు మటుకు ఆ వాక్యాల దగ్గర చదవటం ఆగిపోయింది. దుఃఖం ఒక చేత్తో, పురికొస ఇంకో చేత్తో పట్టుకున్న ఆడదాన్ని మనం మన వీధుల్లో ఎందర్ని చూడలేదు! కిరాణాకొట్టు కావచ్చు, టైలరింగు షాపు కావచ్చు, భూతాల పుస్తకాలు కావచ్చు.

* * *

మెగారీ గీసిన పటం అదే కంపెనీ నుంచి 1975లో "డంజన్!" అనే పేరుతో వచ్చింది. చివరి ఆశ్చర్యార్థకం కూడా పేరులో భాగమే! ఆరు అంతస్తుల నేలమాళిగ. లోతుకి వెళ్ళినకొద్దీ భూతం బలం పెరుగుతుంది, దాని వెనక బంగారం కూడా పెరుగుతుంది. ఆడేవాడు ఎల్ఫ్ అనే వనదేవత జాతివాడు కావచ్చు, వీరుడు కావచ్చు, మహావీరుడో మాంత్రికుడో కావచ్చు. వీరుడు 10,000 బంగారు నాణేల విలువ చేసే సొత్తుతో బయటపడితే గెలుపు. మాంత్రికుడు బలవంతుడు కనక 30,000 తేవాలి. బలం ఎక్కువున్నవాడి మీద బరువెక్కువ పెట్టటం న్యాయంగానే ఉంది కదూ?

భూతం చీటీ మీద ఒక్కొక్కళ్ళకి ఒక్కో అంకె వేసి ఉంటుంది. రెండు పాచికలు వేసి ఆ అంకె గానీ అంతకు మించి గానీ తెచ్చుకుంటే భూతం చచ్చినట్టే. రెండు పాచికలు పడే తీరులు మొత్తం 36. అందులో ఏడు ఆరు రకాలుగా పడుతుంది. పన్నెండు మాత్రం ఒకే ఒక్క రకంగా పడుతుంది. పదీ అంతకు పైనా కావాలంటే 36లో ఆరు దారులే, అంటే ఆరింట ఒక వంతు. ఏడు చాలనే చిన్న భూతంతో మొదటి అంతస్తులో కాలక్షేపం చేస్తావా, పదకొండు కావాలనే డ్రాగన్ దగ్గరికి దిగుతావా? "ఎంత లోతుకి దిగుతావు?" అన్నదే ఈ ఆట వేసిన మొదటి ప్రశ్న. పాచిక నీ చేతిలో లేదు గానీ, ఏ తలుపు ముందు నిలబడి పాచిక వెయ్యాలన్నది మాత్రం నీ ఇష్టమే. వైకుంఠపాళీ నుంచి ఇంత దూరం వచ్చామన్నమాట.

పెద్ద ఆటలో పాచికలకి ఆరు ముఖాలు చాల్లేదు. బడిపిల్లలకి లెక్కలు నేర్పే సామాన్లమ్మే ఓ కాటలాగులో గైగాక్స్‌కి నాలుగు, ఎనిమిది, పన్నెండు, ఇరవై ముఖాల బిళ్ళలు కనబడ్డాయి. వాటినే తెప్పించి అమ్మేవాళ్ళు. అప్పట్లో వాటి మీద అంకెలు చెక్కి ఉండేవే గానీ రంగు నింపి ఉండేది కాదు. కొనుక్కున్నవాళ్ళే మైనపు రంగుబలపం రుద్ది, మిగతాది గుడ్డతో తుడుచుకోవాలి. పంజాలో సున్నం నింపే ముగ్గు గొట్టాల్లాగా అదో ముచ్చట. 1979లో పాచికలకి కరువొస్తే, పెట్టెలో వాటి బదులు అంకెలేసిన అట్టముక్కలు పెట్టారు. కప్పులో పోసి ఒక్కోటీ తియ్యాలి. అచ్చం మన చీట్లాట!

మరి భూతాలో? అవి ఏ పురాణాల్లోంచి వచ్చాయో అనుకుంటాం. కొన్ని అలా వచ్చినవే. కానీ కొన్ని, నాలుగు డబ్బులకి సంచీలో పోసి అమ్మే హాంకాంగ్ ప్లాస్టిక్ బొమ్మల్లోంచి పుట్టాయి. ఇదేం జంతువో చేసినవాడికే తెలియని ఆ వంకరటింకర బొమ్మల్ని చూసి, ఒకదానికి ఇనుము తినే భూతమనీ, ఒకదానికి గుడ్లగూబ తల ఎలుగుబంటి అనీ పేర్లు పెట్టారు. ఇనుము తినే భూతాన్ని నేను చాలాసేపు మెచ్చుకున్నాను. అది మనిషిని ఏమీ చెయ్యదు. అతని కత్తినీ కవచాన్నీ తుప్పు పట్టించి తినేస్తుంది! ప్రాణం కన్నా పరువు మీద దెబ్బ కొట్టటమంటే అదే.

ఈ రెండూ 1975లో వచ్చిన "గ్రేహాక్" అనే పుస్తకంలో ఉన్నాయి. ఆ పుస్తకం పెద్ద ఆటకి మొట్టమొదటి అనుబంధం. అంతకు ముందు ఏ ఆయుధంతో కొట్టినా దెబ్బ ఒకటే, ఆరు ముఖాల పాచిక ఎంతంటే అంత. బాకుకి ఓ పాచిక, పెద్ద కత్తికి ఇంకో పాచిక అని తేడా చూపించిందీ, దొంగ అనే కొత్త పాత్రని తెచ్చిందీ ఈ అనుబంధమే. తరవాత వచ్చినవాళ్ళకి అసలు ఆట ఇదేనేమో అనిపించేటంతగా కలిసిపోయింది. కోడలుగా వచ్చి ఇంటి పెద్దయిపోయినట్టు.

* * *

ఇలాంటి అనుబంధాలు రాసేవాళ్ళు అందరూ మగవాళ్ళేనా? చాలాకాలం అంతే. 1979లో జీన్ వెల్స్ అనే ఆవిడ టీఎస్ఆర్‌లో చేరింది. ఆటలు రాయటానికి ఆ కంపెనీ తీసుకున్న తొలి మహిళ. 1981లో ఆవిడ రాసిన "ప్యాలెస్ ఆఫ్ ది సిల్వర్ ప్రిన్సెస్" అచ్చయి వచ్చింది. వచ్చీ రాగానే, లోపలి బొమ్మల మీద అభ్యంతరాలు లేచి, ప్రతులన్నీ వెనక్కి తెప్పించేశారు. అదే ఏడాది ఇంకో రచయిత దాన్ని చాలా మటుకు తిరగరాయగా కొత్త ప్రతి వచ్చింది. పేర్లు మటుకు ఇద్దరివీ వేశారు. రాత ప్రతి మీద ఇంకొకళ్ళ కలం నడవటం ఎలా ఉంటుందో రాసేవాళ్ళకి తెలుసు. వెనక్కి వెళ్ళకుండా మిగిలిపోయిన ఆ మొదటి అచ్చు ప్రతుల్ని తరవాత సేకరించేవాళ్ళు పోటీలు పడి కొన్నారు.

ఆ రోజుల్లోనే ఓ పెద్ద దుమారం కూడా లేచింది. దాన్ని దాటేసి పోవటం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే అది ఓ తల్లి కథ. వర్జీనియా రాష్ట్రంలో పట్రీషియా పుల్లింగ్ అనే ఆవిడ కొడుకు 1982లో ఆత్మహత్య చేసుకున్నాడు. కుర్రాడు ఈ ఆట ఆడేవాడు. ఆటే వాణ్ణి మింగిందని ఆవిడ నమ్మింది. కోర్టుకి వెళ్తే కేసు నిలవలేదు. 1983లో ఓ సంఘం పెట్టి దేశమంతా ఈ ఆటలకి వ్యతిరేకంగా ప్రచారం చేసింది. టీవీల్లో చర్చలు, ప్రార్థనా మందిరాల్లో హెచ్చరికలు. ఆటకీ ఆత్మహత్యలకీ కార్యకారణ సంబంధం ఉన్నట్టు ఆ తరవాతి పరిశోధనల్లో తేలలేదు.

ఆ తల్లి చెప్పింది నిజం కాదు. అయినా ఆవిణ్ణి చూసి నవ్వటానికి నాకు నోరు రాదు. పటం మీద భూతానికి ఓ అంకె ఉంటుంది, ఎంత పడితే చస్తుందో రాసి ఉంటుంది. పక్కగదిలో తలుపేసుకున్న పిల్లాడి దిగులుకి ఏ అంకె ఉంది? అంకె లేని భూతంతో పోరాడలేక, ఆ తల్లి అంకెలున్న భూతాల మీద యుద్ధం ప్రకటించింది. మన ఇళ్ళల్లో కూడా ఏదైనా జరిగినప్పుడు సినిమాలనీ, నవలలనీ, సెల్‌ఫోన్లనీ అంటాం. కొన్నిసార్లు నిజమూ ఉండొచ్చు. కానీ తలుపు తట్టి పిల్లాడి పక్కన కూర్చోవటానికి అది బదులు కాదు. నలుగురితో కలిసి బల్ల దగ్గర కూర్చుని ఆడే పిల్లాణ్ణి చూస్తే నాకు భయం వెయ్యదు.

* * *

1983లో ఇంగ్లండు నుంచి "టాలిస్మన్" వచ్చింది. రాబర్ట్ హారిస్ అనే ఆయన సృష్టి. ఇందులో నీ బలానికి నీ పాచిక కలుపు, భూతం బలానికి దాని పాచిక కలుపు. ఎక్కువ ఎవరిదైతే వాళ్ళే గెలిచారు. భూతానికి చేతుల్లేవు కదా, దాని పాచిక ఎవరు వేస్తారు? పక్కన ఆడుతున్న మనిషి! ఆ పక్కమనిషి నీకు పోటీదారు కనక, భూతం తరఫున ఎంత ఉత్సాహంగా వేస్తాడో ఊహించుకోండి. ఉమ్మడి కుటుంబంలో పెరిగిన వాళ్ళకి ఈ నిబంధన విడమర్చి చెప్పక్కర్లేదు.

అనుబంధాలు పెట్టటంలో ఈ ఆట అందర్నీ మించింది. పటానికి ఆనించి పెట్టుకునే అదనపు పటాలొచ్చాయి. 1987లో నేలమాళిగ పటం, 1989లో నగరం పటం. తరవాతి తరం ముద్రణలో అయితే నేలమాళిగ, కొండప్రాంతం, నగరం, అడవి అని నాలుగు మూలలా నాలుగు పటాలు! అన్నీ పరిస్తే భోజనాల బల్ల చాలదు. కిందటే పరుచుకోవాలి.

1989లో వచ్చిన "హీరోక్వెస్ట్" ఇంకో దారి తొక్కింది. స్టీఫెన్ బేకర్ అనే ఆయన దీని రూపకర్త. ఇందులో ఒక్కరు దుష్టమాంత్రికుడి పక్షాన కూర్చుంటారు. మిగతా నలుగురు, అంటే మోటువీరుడూ, మరుగుజ్జూ, ఎల్ఫూ, మంత్రగాడూ ఒకరి మీద ఒకరు కాకుండా ఒక్కటై పోరాడతారు. పాచికల మీద అంకెల్లేవు. మూడు ముఖాల మీద పుర్రె, రెండింటి మీద తెల్లడాలు, ఒకదాని మీద నల్లడాలు. పుర్రె పడితే దెబ్బ తగిలినట్టు. వీరుణ్ణి తెల్లడాలు కాపాడుతుంది, భూతాన్ని నల్లడాలు. అంటే ఒక్కో పాచికకి వీరుడికి ఆరింట రెండు వంతులు రక్ష, భూతానికి ఆరింట ఒక వంతు. చెడు ఎంత బలంగా కొట్టినా, మంచికి కాచుకునే శక్తి రెట్టింపు ఉండాలని పాచిక మీదే చెక్కేశారు! లోకం ఇలా ఉంటే ఎంత బాగుండును అనిపించింది.

అయితే మంత్రగాడికి దెబ్బ కొట్టటానికి ఒక్క పాచికే. మోటువీరుడికి మూడు. కనక ఇరుకు వసారాలో ఎవరు ముందు నడవాలి, ఎవరు వెనక నిలబడాలి అన్నది పెద్ద ఆలోచన. "ఎవరి పక్కన నిలబడతావు?" అన్నది ఈ ఆట వేసే ప్రశ్న. ఆ ఏడాదే రెండు అనుబంధాలొచ్చాయి. ఒక్కోదాన్లో పదేసి కొత్త కథలు. 1991లో మరో రెండు. తరవాత ఆట మూలపడింది. 2020లో ముందస్తు చందాలు పోగుచేసి 2021లో మళ్ళీ తెచ్చారు. 1989 నాటి పెట్టెలో నలుగురు వీరులూ మగవాళ్ళే. కొత్త పెట్టెలో ఎల్ఫ్ బొమ్మ ఆడది. చిన్నప్పుడు ఆడిన మగపిల్లలు ఈలోగా ఆడపిల్లల తండ్రులయ్యారు కదా!

* * *

ఇక 2011 నాటి "కింగ్ ఆఫ్ టోక్యో". లెక్కల్లో డాక్టరేటున్న రిచర్డ్ గార్ఫీల్డ్ రూపకల్పన. ఇందులో తలకిందులైన సంగతొకటుంది. వీరుడు లేడు. నువ్వే రాక్షసుడివి! మహాబల్లి, మహావానరం, సముద్రభూతం, ఇలా ఒక్కొక్కళ్ళూ ఒక్కో రాక్షసుడై టోక్యో నగరం కోసం కొట్టుకుంటారు.

టోక్యో అని ఊరికే అనలేదు. 1945 మార్చి 10 రాత్రి ఆ నగరం మీద అమెరికా విమానాలు కురిపించిన నిప్పుకి లక్షమంది దాకా చనిపోయారు. 1954 మార్చి 1న బికినీ దీవిలో అమెరికా హైడ్రోజన్ బాంబుని పరీక్షిస్తే, దూరాన చేపలు పట్టుకుంటున్న జపాను పడవ మీద ఆ బూడిద పడింది. అదే ఏడాది నవంబరులో ఇషిరో హోండా తీసిన "గాడ్జిల్లా" విడుదలైంది. బాంబు పరీక్షలకి లేచి వచ్చిన రాక్షసబల్లి టోక్యోని తగలబెట్టే కథ అది. జపాను జనం తమ భయాన్ని తెర మీద చూసుకున్నారు. యాభై ఏడేళ్ళ తరవాత ఆ భయం రంగురంగుల అట్టబొమ్మై పిల్లల చేతికొచ్చింది. ఇది మరుపో, మందో చెప్పటం కష్టం. రెండూ కొంత కొంత అనుకుంటాను.

కిందటి వేసవిలో మా చెల్లెలి పిల్లలు ఈ పెట్టె మా ఇంటికి పట్టుకొచ్చారు. ఆరు పాచికలు. పంజా పడితే ఎదుటివాళ్ళకి దెబ్బ, గుండె పడితే మనకి ఆయువు, మెరుపు పడితే శక్తి, ఒకటీ రెండూ మూడూ అంకెలకి మార్కులు. నచ్చినవి ఉంచుకుని మిగతావి తిరిగి వెయ్యొచ్చు, మొత్తం మూడుసార్లు. ఒక పాచికతో ఒక్కసారే వేస్తే గుండె పడే అవకాశం ఆరింట ఒకటి. మూడుసార్లయితే నూటికి 42 దాకా పెరుగుతుంది. ఒకసారి కాకపోతే ఇంకోసారి అనే మాటకి ఇంత విలువుందా అనిపించింది.

టోక్యోలో ఉన్న రాక్షసుడికి మార్కులొస్తాయి. అతను కొడితే బయటున్న అందరికీ తగులుతుంది. కానీ బయటివాళ్ళందరి పంజాలూ అతని మీదే. పైగా టోక్యోలో ఉన్నంతసేపూ గుండెలు పడినా ఆయువు పెరగదు. దెబ్బ తగిలినప్పుడల్లా అడుగుతుంది ఆట, "ఉంటావా, వెళ్ళిపోతావా?" పిల్లలు పౌరుషానికి పోయి అక్కడే ఉండి చచ్చేవాళ్ళు. మా అత్తగారు వాలుకుర్చీలోంచి చూసి చూసి, "నన్నూ ఆడనీండర్రా" అంటూ వచ్చి కూర్చున్నారు. ఆవిడ టోక్యోలోకి వెళ్ళటం, నాలుగు మార్కులు చేసుకోవటం, రెండు దెబ్బలు తగలగానే "చాల్లే నాయనా, మీరుండండి" అని బయటికి రావటం. "పోరాడు బామ్మా!" అని పిల్లల గోల. "పోరాడటం ఎవరికి రాదురా, లేవటమే రావాలి" అన్నారావిడ. ఇరవై మార్కులతో మొదటి ఆట ఆవిడే గెలిచారు!

ఈ ఆటకి 2012లో వచ్చిన "పవర్ అప్" అనే అనుబంధం నాకు భలే నచ్చింది. మొదటి పెట్టెలో రాక్షసుల మొహాలే వేరు, శక్తులన్నీ ఒకటే. మహాబల్లికీ మరయంత్రానికీ తేడా లేదు. అనుబంధం వచ్చాకే ఎవరి స్వభావం వాళ్ళకి దక్కింది. ఒక్కో రాక్షసుడికి విడిగా చీట్ల కట్ట, మూడు గుండెలు పడితే అందులోంచి ఓ కొత్త గుణం. నవలలో మొదటి పది ప్రకరణాలూ పేర్లతో నడిచిన పాత్రలు, పదకొండో ప్రకరణంలో ఒక్కసారి సొంత గొంతుతో మాట్లాడినట్టు. అలాంటి అనుబంధం వస్తే ఎవరు వద్దంటారు?

కానీ అన్నీ అలాంటివి కావు. కొన్ని ఆటకి అవసరమై వస్తాయి, కొన్ని అంగడికి అవసరమై వస్తాయి. కొత్త భూతం, కొత్త గది, అంతకు మించి ఏమీ ఉండదు. బీరువా నిండుతుంది, ఆడే తీరిక మటుకు అంతే ఉంటుంది. సీరియల్ బాగా నడుస్తోందంటే "ఇంకో పది వారాలు పొడిగించండి" అని సంపాదకుల కబురొస్తుంది. పాఠకులూ "అప్పుడే ఆపకండి" అని ఉత్తరాలు రాస్తారు. ఆ పది వారాల్లో కొత్తగా చెప్పటానికేదైనా ఉంటే అది గ్రేహాక్ అవుతుంది, పవర్ అప్ అవుతుంది. లేకపోతే కథానాయిక అనవసరంగా ఇంకోసారి ఆసుపత్రి పాలవుతుంది!

వైకుంఠపాళీ ఏమీ అడగలేదు. "డంజన్!" ఎంత లోతుకని అడిగింది. "హీరోక్వెస్ట్" ఎవరి పక్కనని అడిగింది. "కింగ్ ఆఫ్ టోక్యో" ఎప్పుడు లేస్తావని అడిగింది. వీటిలో నాకు మటుకు చివరిదే కష్టం. బహుశా అందుకేనేమో, ఆటలమ్మేవాళ్ళు కొనేవాళ్ళని ఆ ఒక్క ప్రశ్నా అడగరు. అది మన ఇంట్లో మనమే అడుక్కోవాలి, మూడో అనుబంధం పెట్టె అట్ట చించేముందు.